టికెట్టు అంటే మాట ఇవ్వడం
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి "ఈసారి మీరు ఏదైనా పనికొచ్చే విషయం మీద మాట్లాడండి" అన్నారు. ఎప్పుడూ మాట్లాడేది పనికిరాదని అర్థమా అని అడగలేదు లెండి. సాధారణంగా మన సభల్లో భాష గురించి, సంస్కృతి గురించి, అమరవీరుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడవలసినవే. కానీ ఆ సంస్కృతిని పదిమందికీ చూపించాలంటే ముందు ఆ పదిమందీ క్షేమంగా లోపలికి రావాలి, కడుపునిండా తినాలి, క్షేమంగా ఇంటికి చేరాలి. అందుకని ఈ రోజు పాసుల గురించి, టికెట్ల గురించి మాట్లాడతాను. ఒక కార్యక్రమానికి ఎంతమందికి పాసులు ఇవ్వాలి? ఎవరిని ఏ టైముకి రమ్మనాలి? ఇదే విషయం. వినడానికి పప్పు ఉప్పు లెక్కలా ఉంటుంది గానీ, ఈ లెక్క తప్పిన చోట మనుషుల ప్రాణాలు పోయాయి. అది కూడా చెప్తాను.

టైమ్ స్లాటు మనకి కొత్త కాదు

టైమ్ స్లాటు అనగానే కంప్యూటర్లతో వచ్చిన కొత్త పద్ధతి అనుకుంటాం. కాదండీ. మన పెళ్ళిళ్ళలో బంతి అంటే ఏమిటి? మొదటి బంతి, రెండో బంతి, మూడో బంతి. పందిట్లో నూటయాభై ఆకులు పడతాయంటే నూటయాభై మందే కూర్చుంటారు. వాళ్ళు లేచి, ఆకులు తీసి, చోటు శుభ్రం చేసి, మళ్ళీ ఆకులు పరిచాకే రెండో బంతి. మొదటి బంతిలో పిల్లలూ, పెద్దవాళ్ళూ. ఆఖరి బంతిలో ఇంటివాళ్ళు. ఎంతమందికి చోటు, ఎంతసేపు, ఎవరు ముందు అన్న మూడు ప్రశ్నలకీ మన పల్లెటూళ్ళలో వంటబ్రాహ్మడు ఎప్పుడో జవాబు చెప్పాడు.

సర్వీసులో కూడా మనకి ఇది అలవాటే. జోజిలా మీదుగా కార్గిల్, లేహ్ వైపు వెళ్ళినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. సుమారు 11,500 అడుగుల ఎత్తు. ఎదురెదురుగా రెండు లారీలు వస్తే ఒకటి కొండకి, ఇంకొకటి లోయకి ఒరుసుకునే రోడ్డు. అందుకని అక్కడ గేటు టైములు పెట్టారు. కొన్ని గంటలు ఇటునుంచి అటు, కొన్ని గంటలు అటునుంచి ఇటు. గేటు పడ్డాక ఎంతటివాడైనా రెండోవైపు ఆగవలసిందే. సోనమార్గ్ లో వెయ్యి బళ్ళు నిలబెట్టడానికి స్థలం ఉంది కదా అని వెయ్యి బళ్ళనీ ఒకేసారి వదలరు. పైన ఆ ఇరుకు రోడ్డు గంటకి ఎన్నిటిని దాటనిస్తుందో అన్నే వదులుతారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. కెపాసిటీ అంటే కుర్చీల లెక్క కాదు. దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు గంటకి ఎంతమందిని దాటనిస్తుందో అదే కెపాసిటీ.

ఒక కంటోన్మెంటులో చూసింది

ఊరి పేరు ఎందుకు లెండి. ఉత్తరాదిలో ఒక కంటోన్మెంటు. తెలుగువాళ్ళ ఉగాది వేడుక. హాల్లో నాలుగు వందల కుర్చీలు. "అందరూ రారు కదా" అని దాదాపు తొమ్మిది వందల పాసులు పంచారు. పాస్ మీద సాయంత్రం ఆరు గంటలు అని ఒకటే టైము. ఆ రోజు అందరూ వచ్చారు. మనవాళ్ళు మీటింగుకి రమ్మంటే రారు గానీ, ఉగాది పచ్చడీ, పులిహోరా ఉన్నాయంటే రాకుండా ఉంటారా? ఆరున్నరకి హాలు తలుపులు మూసేశారు. బయట ఇంకో నాలుగైదు వందల మంది.

ఆ బయట ఉన్నవాళ్ళలో ఒక హవల్దారు భార్య ఉంది. భర్త ఫీల్డు ఏరియాలో. ఇద్దరు పిల్లలతో రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో పాస్ ఉంది. "అమ్మా, లోపల చోటు లేదు" అని గేటు దగ్గర వాలంటీరు చెప్పాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఆవిడ గొడవ పడలేదు. పిల్లలకి బిస్కెట్ పాకెట్ కొనిపెట్టి తిరిగి బస్సెక్కింది. తర్వాత ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తెలుగువాళ్ళ కార్యక్రమానికి ఆవిడ మళ్ళీ రాలేదు.

నలుగురికి నచ్చజెప్పి సభ్యుణ్ణి చేర్పించడానికి మనం ఎంత కష్టపడతామో మీకు తెలుసు. ఒక్క పాస్ తో ఆ సభ్యుణ్ణి పోగొట్టుకోవచ్చు. టికెట్టు అంటే కాగితం ముక్క కాదు. "నువ్వు ఈ టైముకి రా, నీ చోటు నీకుంటుంది" అని ఇచ్చిన మాట. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు. యూనిఫారం వేసుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కుర్సురా నేర్పే పాఠం

విశాఖపట్నం రామకృష్ణా బీచ్ లో ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురా మీలో చాలామంది చూసే ఉంటారు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో సేవలందించింది. 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. అందులో సుమారు 75 మంది నావికులు నెలల తరబడి ఎలా బతికారో లోపలికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. బయట బీచ్ లో వేలమంది నిలబడగలరు. టికెట్ కౌంటర్లు పది పెట్టవచ్చు. కానీ సబ్ మెరైన్ లోపల దారి ఒక్కటే. ఒకరి వెనక ఒకరు నడవాలి. గదికీ గదికీ మధ్య ఇరుకు. ముందున్న తాతగారు టార్పెడో గొట్టం దగ్గర ఆగి మనవడికి వివరిస్తూ ఉంటే వెనక వాళ్ళందరూ ఆగవలసిందే. కాబట్టి అక్కడ ఎన్ని టికెట్లు అమ్మవచ్చో కౌంటరు నిర్ణయించదు, బీచ్ నిర్ణయించదు. ఆ ఇరుకు నడవా నిర్ణయిస్తుంది.

దీనికి ఒక చిన్న సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసరు దీన్ని గణితపరంగా నిరూపించారు. సూత్రం పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, విషయం మటుకు గుర్తుంచుకోండి. లోపల ఉండే జనం అంటే, నిమిషానికి లోపలికి వచ్చేవాళ్ళ సంఖ్యని ఒక్కొక్కరు లోపల ఉండే నిమిషాలతో గుణిస్తే వచ్చేది. అంతే.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి కుర్సురా వారి అంకెలు కావు, మన లెక్క కోసం వేసుకున్నవి. ఇలాంటి ఇరుకైన చోట ఒకేసారి 40 మంది ఉంటే ఊపిరాడుతుంది అనుకుందాం. ఒక్కొక్కరు చూసి బయటికి రావడానికి 20 నిమిషాలు. అంటే నిమిషానికి ఇద్దర్ని వదలవచ్చు. గంటకి 120 మంది. ఆరు గంటలు తెరిచి ఉంచితే 720 మంది. ఇంక పండగ రోజైనా, మంత్రి గారు ఫోను చేసినా 720 దాటదు. దాటించాలంటే రెండే మార్గాలు. తెరిచి ఉంచే గంటలు పెంచాలి, లేదా ఒక్కొక్కరు లోపల ఉండే సమయం తగ్గించాలి. "ఇంకో కౌంటరు పెడదాం" అన్నది మార్గం కాదు. దానివల్ల బయట క్యూ లోపలికి మారుతుంది, అంతే.

తిరుమలలో కూడా ఇదే సంగతి. రోజుకి అరవై వేలకు పైగా భక్తులు దర్శనం చేసుకునే చోటు అది. క్యూ కాంప్లెక్సులు ఎంత పెద్దవి కట్టినా, చివరికి అందరూ బంగారు వాకిలి ముందుకే రావాలి. ఆ వాకిలిని వెడల్పు చెయ్యలేం. అందుకే లఘు దర్శనం, మహాలఘు దర్శనం అని పెట్టి, భక్తుడు నిలబడే చోటుని వెనక్కి జరిపారు. దగ్గరగా వెళ్తే ఎక్కువసేపు ఆగుతారు, దూరం నుంచైతే త్వరగా కదులుతారు. గంటకి దాటే సంఖ్య పెరుగుతుంది. మనకి "జరగండి, జరగండి" అన్న మాట కష్టంగానే ఉంటుంది. కానీ ఆ మాట వెనక ఉన్నది ఈ లెక్కే. మన అందరికీ గుర్తున్న సుదర్శనం కంకణాలూ, తర్వాత వచ్చిన టైము వేసిన టోకెన్లూ, మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం స్లాట్లూ అన్నీ ఆ వాకిలి దగ్గర నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చినవే.

మన కార్యక్రమానికి లెక్క ఎలా వెయ్యాలి

ఇప్పుడు మన ఉగాది వేడుకనే తీసుకుందాం. హాల్లో 600 కుర్చీలు ఉన్నాయనుకోండి. కమిటీ చెయ్యవలసిన మొదటి పని పాసులు ప్రింటు చెయ్యడం కాదు. రెకీ. ఒక నోటుబుక్కు, ఒక స్టాప్ వాచీ పట్టుకుని మనిషి ఏ దారిన వస్తాడో ఆ దారి మొత్తం నడవాలి. నాలుగు చోట్ల ఆగి కొలవాలి.

మొదటిది కంటోన్మెంటు గేటు. సెంట్రీ ఒక బండిని చూసి వదలడానికి 20 సెకన్లు పడుతుందనుకుందాం. నిమిషానికి మూడు బళ్ళు. 150 బళ్ళు రావడానికి 50 నిమిషాలు.

రెండోది హాలు ద్వారం. పాస్, ఐడెంటిటీ కార్డు చూడటానికి మనిషికి 10 సెకన్లు. ఒక టేబులు దగ్గర నిమిషానికి ఆరుగురు. రెండు టేబుళ్ళయితే పన్నెండు మంది. 600 మంది లోపలికి రావడానికి మళ్ళీ 50 నిమిషాలు. మనం అరగంట ముందు తలుపులు తెరుస్తాం. అరగంటలో లోపలికి వచ్చేది 360 మంది. మిగతా 240 మంది ప్రార్థనా గీతం అయ్యాక, చీఫ్ గెస్ట్ మాట్లాడుతూ ఉండగా వస్తారు. మనం వాళ్ళని "మనవాళ్ళకి టైము సెన్సు లేదు" అని తిడతాం. వాళ్ళు టైముకే వచ్చారండీ. క్యూలో ఉన్నారు.

మూడోది భోజనాలు. డైనింగ్ హాల్లో 200 మందికి చోటు. ఒక బంతికి, శుభ్రం చెయ్యడంతో సహా 45 నిమిషాలు. మూడు బంతులకి రెండుంబావు గంటలు. కార్యక్రమం తొమ్మిదింటికి అయ్యాక అందర్నీ భోజనానికి లేపితే ఆఖరి బంతి పదకొండుంబావుకి లేస్తుంది. పొద్దున్నే పి.టి. ఉన్న జవాను, స్కూలు ఉన్న పిల్లలు అప్పటిదాకా ఎలా ఉంటారు? బఫే పెడితే సమస్య పోతుందనుకోవద్దు. బఫేలో ఇరుకు చోటు పళ్ళాల దగ్గర ఉంటుంది. ఒక వరుస నిమిషానికి ఎంతమందిని దాటిస్తుందో మీ మెస్ లోనే ఒకసారి నిలబడి కొలవండి.

నాలుగోది బయటికి వెళ్ళే దారి. దీని గురించి చివర్లో చెప్తాను.

ఈ నాలుగింటిలో ఏది అన్నిటికంటే తక్కువో అదే మీ కెపాసిటీ. మన ఉదాహరణలో అది భోజనాలు. కాబట్టి పాస్ మీద బంతి వేసి ఇవ్వాలి. సాయంత్రం ఆరింటికి కార్యక్రమం మొదలైతే, మొదటి బంతి ఆరున్నరకి. చిన్నపిల్లల తల్లులు, పెద్ద వయసు వాళ్ళు. రెండోది ఏడుంబావుకి. మూడోది ఎనిమిదింటికి. డ్యూటీ దిగి వచ్చేవాళ్ళకి ఆఖరిది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు రంగుల పాసులు ఇస్తే చదువురాని అవ్వ కూడా తన బంతి ఏదో చెప్పగలదు. మూడో బంతి లేచేసరికి ఎనిమిదీ ముప్పావు. తొమ్మిదింటికి జనగణమన. అందరూ ఇంటికి.

హాలు ద్వారానికి కూడా ఇదే పద్ధతి. కుర్చీల నంబర్లని బట్టి కొందరికి ఐదుంబావు, కొందరికి ఐదున్నర అని వేసి, టేబుళ్ళు నాలుగు చెయ్యండి. తలుపుల దగ్గర తోపులాట ఉండదు.

ఎవరిని లెక్కలో వెయ్యాలి

600 చోట్లు ఉంటే 600 పాసులు ఇవ్వకూడదు. ముందు లెక్కలోంచి తియ్యవలసినవాళ్ళు ఉన్నారు. నాట్యం చేసే పిల్లలూ, వాళ్ళ వెంట వచ్చే తల్లిదండ్రులూ. వంటవాళ్ళు, వాలంటీర్లు. చీఫ్ గెస్టూ, ఆయన వెంట వచ్చే స్టాఫూ, డ్రైవర్లూ. ఒక ఆఫీసరు వస్తే ఆయన వెంట ఎంతమంది వస్తారో మనకి తెలియనిది కాదు. వాళ్ళూ మనుషులే, వాళ్ళకీ చోటు కావాలి, భోజనం కావాలి. ముందే లెక్కలో వేస్తే ఎవరినీ లేపి వేరేవాళ్ళని కూర్చోబెట్టే అవసరం రాదు. ర్యాంకుని బట్టి ముందు వరుస ఇవ్వండి, తప్పులేదు. కానీ పాస్ పట్టుకుని వచ్చి కూర్చున్న జవాను కుటుంబాన్ని లేపవద్దు.

ఆ తర్వాత పదింట ఒక వంతు చేతిలో ఉంచుకోండి. ఆ రోజే పోస్టింగు మీద వచ్చి దిగినవాడు ఉంటాడు. పాస్ పారేసుకున్న పెద్దాయన ఉంటాడు. వీర నారీలకి, నడవలేని వాళ్ళకి క్యూ లేకుండా వేరే దారి, ముందే ఉంచిన చోటు ఉండాలి. దయ తలిచి ఇచ్చేది కాదిది, లెక్కలోనే ఉండాలి.

రానివాళ్ళ సంగతి కూడా ఉంది. ఊరికే ఇచ్చిన పాస్ కి విలువ ఉండదు. ఇరవై రూపాయలైనా పెట్టండి. గణతంత్ర దినోత్సవం కవాతుకి కూడా ఇరవై, వంద రూపాయల టికెట్లు ఉన్నాయి కదా. ఆ డబ్బుతో ఖజానా నిండదు గానీ, డబ్బిచ్చినవాడు రాలేకపోతే ఫోను చేసి చెప్తాడు. ఆ చోటు వెయిటింగు లిస్టులో ఉన్నవాడికి వెళ్తుంది.

డ్యూటీలు మర్చిపోవద్దు. గార్డు ఎప్పుడు మారుతుంది, హాస్పిటల్లో నర్సింగ్ సిస్టర్లకి షిఫ్టు ఎప్పుడు దిగుతుంది, నేవీ వాళ్ళకి వాచ్ ఎప్పుడు అయిపోతుంది అని కనుక్కుని ఆ తర్వాతి స్లాటు వాళ్ళ కోసం ఉంచాలి. "ఎవరు ముందు బుక్ చేసుకుంటే వాళ్ళకే" అన్నది పైకి న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఫోను చేతిలో ఉన్నవాడికే అది న్యాయం. పోస్టు మీద నిలబడ్డవాడికి ఫోను చేతిలో ఉండదు.

ఆన్ లైన్ లో బుకింగు పెట్టేవాళ్ళకి ఒక్క మాట. పెట్టండి, మంచిదే. కానీ రిజిస్టరు ఒక్కటే ఉండాలి. ఆన్ లైన్ లో ఒకరు, ఫోను మీద ఇంకొకరు, చేత్తో కార్యదర్శి గారు పాసులు ఇస్తూ, ఎవరి లెక్క వారిదే అయితే ఒకే కుర్చీ ముగ్గురికి వెళ్తుంది. ముగ్గురి చేతిలోనూ నిజమైన పాసే ఉంటుంది. అప్పుడు గేటు దగ్గర వాలంటీరు ఎవరికి సర్దిచెప్పాలి?

టికెట్టు ఇచ్చే చోటు కూడా ఒక కార్యక్రమమే

ఇప్పుడు కాస్త బరువైన విషయానికి వస్తాను.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో జరిగింది మీకు తెలుసు. వైకుంఠ ఏకాదశి సందర్భంగా జనవరి 10 నుంచి పదిరోజుల పాటు వైకుంఠ ద్వార దర్శనం. దర్శనానికి స్లాట్లు ఉన్నాయి. రోజుకి ఇన్ని టోకెన్లు అని లెక్క ఉంది. టోకెన్లు 9వ తేదీ తెల్లవారుజామున ఐదింటి నుంచి కౌంటర్లలో ఇస్తామన్నారు. జనం ముందురోజు సాయంత్రానికే చేరారు. వాళ్ళని ఆపి ఉంచిన చోట గేటు తెరుచుకునేసరికి, ఇంక వదులుతున్నారనుకుని ఒక్కసారిగా కదిలారు. తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు చనిపోయారు.

గమనించండి. ఈ విషాదం కొండమీద దర్శనం దగ్గర జరగలేదు. దర్శనానికి స్లాటు ఉంది. స్లాటు ఇచ్చే కౌంటరుకి స్లాటు లేదు. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో క్రికెట్ టికెట్లు అమ్మేటప్పుడు జరిగిన తొక్కిసలాట కూడా అలాంటిదే. మ్యాచి రోజు స్టేడియం దగ్గర కాదు, టికెట్ల దగ్గర. ఉన్నవి కొన్నే, ముందు వచ్చినవాళ్ళకే దొరుకుతాయి, ఫలానా చోటే ఇస్తారు అని చెప్తే ఏమవుతుంది? మనమే జనాన్ని ఒకచోటికి, ఒకే టైముకి పిలిచినట్టవుతుంది. అది కూడా ఒక కార్యక్రమమే. దానికీ కెపాసిటీ ఉంటుంది.

తర్వాతి వైకుంఠ ఏకాదశికి, అంటే 2025 డిసెంబరు చివర్లో, మొదటి మూడు రోజుల టోకెన్లకి ఈ-డిప్ పెట్టారు. ముందుగా ఆన్ లైన్ లో పేరు నమోదు చేసుకుంటే డిప్ లో పేరు వచ్చినవాళ్ళకి టోకెను. ముందు వచ్చినవాడికి లాభం లేదు కాబట్టి ముందురోజే వచ్చి నిలబడే పని లేదు. సరుకు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ ఉన్నచోట డిప్ కంటే మర్యాదైన పద్ధతి నాకు కనిపించలేదు. మన కార్యక్రమానికి ఒక సినీ గాయకుడు వస్తున్నాడంటే మనకీ అదే పరిస్థితి. ఆదివారం పది గంటలకి ఆఫీసు గది దగ్గర పాసులు ఇస్తాం అని మెసేజి పెట్టవద్దు. యూనిట్లవారీగా, కాలనీలవారీగా పాసులు పంపించండి. చాలకపోతే డిప్ తియ్యండి.

బయటికి వెళ్ళే దారి

లోపలికి వచ్చేటప్పుడు జనం గంటసేపు కొద్దికొద్దిగా వస్తారు. వెళ్ళేటప్పుడు అందరూ ఒకే నిమిషంలో లేస్తారు. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా బీచ్ లో వైమానిక దళం ప్రదర్శన జరిగింది. లక్షల జనం. పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా ఎండలో చూసి, అయిపోగానే అందరూ ఒకేసారి రోడ్లమీదికి, రైల్వే స్టేషన్లకి కదిలారు. ఎండకి తట్టుకోలేక ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆకాశంలో మన కుర్రాళ్ళు సెకన్ల లెక్కన టైము పాటించారు. వాళ్ళ విద్యకి ఏ లోటూ లేదు. కానీ చూడటానికి వచ్చినవాళ్ళకి ఇంటికి వెళ్ళడానికి టైము పట్టిక లేదు. స్లాటు అంటే వచ్చే టైము ఒక్కటే కాదు, వెళ్ళే టైము కూడా.

సమతలంగా ఉన్న దారి మీటరు వెడల్పు ఉంటే నిమిషానికి ఎనభై మంది దాకా దాటగలరని స్టేడియంల లెక్క. మెట్ల మీద ఇంకా తక్కువ. మనం జాగ్రత్తగా అరవై అనుకుందాం. హాలుకి మీటరు వెడల్పున్న తలుపులు రెండు ఉంటే 600 మంది బయటికి రావడానికి ఐదు నిమిషాలు. "ఆ వెనక తలుపు దగ్గర కుర్రాళ్ళు పాస్ లేకుండా వచ్చేస్తున్నారు" అని ఒక తలుపుకి తాళం వేస్తే పది నిమిషాలు. పొగ వచ్చిన రోజున పది నిమిషాలు ఎవరూ ఇవ్వరు.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో అదే జరిగింది. ఆ రోజు విడుదలైన సినిమా 'బోర్డర్', మన లోంగేవాలా పోరాటం మీద తీసింది. కింద ట్రాన్స్ ఫార్మరు దగ్గర మొదలైన మంటల పొగ బాల్కనీలోకి చేరింది. బాల్కనీలో అదనపు సీట్లు వేసి నడిచే దారి మూసేశారు. 59 మంది చనిపోయారు. 61వ కేవల్రీకి చెందిన కెప్టెన్ మన్జీందర్ సింగ్ భిందర్ భార్యతో, పిల్లవాడితో సహా ఆ హాల్లోనే ప్రాణం విడిచారు. ఎక్కువ టికెట్లు అమ్ముకోవడానికి వేసిన కొన్ని సీట్లు. మన హాల్లో నడవాలో "ఒక్క వరుస వేద్దాం సార్, ఏమవుతుంది" అని ఎవరైనా అన్నప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. కుర్చీలు పెంచితే కెపాసిటీ పెరగదు, తగ్గుతుంది.

ఆ రోజు చెయ్యవలసింది

మంచి ప్లాను వేసినా ఆ రోజు నడిపేవాళ్ళు కావాలి. ఒకే ఒక మనిషికి గేటు ఆపే అధికారం ఇవ్వండి. ఆయన ఆపమంటే ఆగాలి, అధ్యక్షుల వారి బంధువులైనా సరే. ద్వారం దగ్గర లోపలికి వచ్చేవాళ్ళని లెక్కపెట్టడానికి ఒకరు, బయటికి వెళ్ళేవాళ్ళని లెక్కపెట్టడానికి ఒకరు. వేలితో నొక్కే లెక్కమిషను చవకగా దొరుకుతుంది. లోపల ఎంతమంది ఉన్నారో ఏ నిమిషంలో అడిగినా చెప్పగలగాలి. నిలబడే జనం చదరపు మీటరుకి నలుగురు దాటితే గేటు ఆపండి. ఆరుగురు దాటాక మనిషి తన కాళ్ళ మీద తను నిలబడటం లేదు, జనమే అతన్ని మోస్తోంది. అప్పుడు చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

బయట ఆగినవాళ్ళతో మాట్లాడుతూ ఉండండి. "ఇంకా పది నిమిషాలు ఆగాలి, మీ చోటు ఎక్కడికీ పోదు" అని మైకులో చెప్తే సగం తోపులాట తగ్గుతుంది. మనిషి తోసేది తనకి దక్కదేమో అన్న భయంతో. మంచినీళ్ళు, నీడ, కూర్చోవడానికి కుర్చీ ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాడిని తిట్టి పంపకుండా తర్వాతి స్లాటులో, మనం చేతిలో ఉంచుకున్న చోటులో సర్దండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనసమ్మర్ద నిర్వహణ మీద ఒక గైడు తెచ్చింది. కమిటీ సభ్యులు ఒక్కసారైనా చదవాలని నా మనవి.

చివరగా, వచ్చే ఉగాదికి కమిటీ ముందు మూడు విషయాలు పెడుతున్నాను. పాసులు అచ్చు వేయించే ముందు నలుగురు సభ్యులు స్టాప్ వాచీతో రెకీ చేసి, నాలుగు చోట్ల కొలిచిన అంకెలు కాగితం మీద పెట్టాలి. ప్రతి పాస్ మీద వచ్చే టైము, బంతి రంగు, వెళ్ళవలసిన గేటు రాయాలి. పాసులు కుటుంబాల దగ్గరికి మనమే పంపాలి, కుటుంబాల్ని పాసుల దగ్గరికి పిలవకూడదు. ఇందులో ఖర్చయ్యేది ఏమీ లేదు. నలుగురి ఆదివారం మటుకు ఒకటి పోతుంది. ఆ నలుగురిలో నా పేరు రాసుకోవచ్చు.

 భోజనాలకి ఈ రోజు కూడా మూడు బంతులే, దయచేసి పెద్దవాళ్ళని ముందు కూర్చోబెట్టండి.

జై హింద్!